ఫిల్ము కెమేరాల తొలి నమూనాలు

హైదరాబాదు నగరానికి తూర్పున నాచారం, ఉప్పల్ ఇరుగుపొరుగు పేటలు. ఒకప్పుడు విడి గ్రామాలు. కార్ఖానాలు వచ్చి, రోడ్లు పడి, నగరంలో కలిసిపోయినవి. ఈ రెండు చోట్లా చాలా ఏళ్ళు ఫిల్ముతో పెద్ద పని జరిగింది. నాచారంలో నందమూరి తారక రామారావు 1976లో రామకృష్ణా సినీ స్టూడియో నెలకొల్పారు. ఆయన తానే కర్ణుడుగా, దుర్యోధనుడుగా, కృష్ణుడుగా నటించి, దర్శకత్వం కూడా వహించిన 'దానవీర శూర కర్ణ' అక్కడ తయారై 1977 జనవరి 14న విడుదల అయింది. ఉప్పల్‌లో భారత సర్వేక్షణ సంస్థ వారి శిక్షణాలయం ఉన్నది. విమానం నుంచి తీసిన ఛాయాచిత్రాలను కొలిచి పటాలు తయారుచేసే విద్యను దశాబ్దాలుగా అక్కడ బోధిస్తూ వచ్చారు.

నాచారంలో కెమేరాకు ఎక్కించిన ఫిల్ము వెడల్పు 35 మిల్లీమీటర్లు. ఉప్పల్‌లో కొలతకు వచ్చిన ఫిల్ము వెడల్పు 24 సెంటీమీటర్లు, అంటే దాదాపు ఏడింతలు. ఒకదాని మీద కురుసభ; రెండవదాని మీద చెరువులు, గట్లు, బండిబాటలు. చూడటానికి ఈ రెంటికీ పొత్తు ఏమీ లేదు. అయితే ఆ కెమేరాలను మొట్టమొదట తయారుచేసిన వారి ముందు నిలిచిన చిక్కు ఒక్కటే. పలుచని పొడుగాటి పట్టీని చీకటిలోనే లాక్కొని వచ్చి, కటకం వెనుక చదునుగా, కదలకుండా, ఉండవలసిన చోట ఉంచటం ఎట్లా?

గాజుపలక మీద బొమ్మలు తీసే రోజులలో ఈ చిక్కు లేదు. గాజు వంగదు. కాని గాజు బరువు, పగిలిపోతుంది. ఒక పలక మీద ఒకటే బొమ్మ. 1889లో అమెరికాలో జార్జి ఈస్ట్‌మన్ సెల్యులాయిడ్ చుట్టలను అమ్మకానికి తెచ్చాడు. ఈ పట్టీకి ఒక వైపున వెండి లవణాలు కలిపిన జెలటిన్ పూత ఉంటుంది. గాలిలోని తేమను పీల్చుకొని పూత సాగుతుంది, ఆరితే ముడుచుకొంటుంది. ఒక ప్రక్కనే పూత ఉన్నందువల్ల ఎండలో పెట్టిన తాటాకు లాగా పట్టీ చుట్టుకుపోవాలని చూస్తుంది. కటకం బాగా తెరిచి తీసే బొమ్మలో ఫిల్ము తన స్థానం నుంచి మిల్లీమీటరులో పదోవంతు ముందుకో వెనుకకో జరిగినా ఆ భాగం మసకబారుతుంది. ఫిల్ము కెమేరా చరిత్ర అంతా ఈ పదోవంతు మిల్లీమీటరుతో చేసిన పోరాటమని అనవచ్చు.

35 మిల్లీమీటర్ల కొలత ఎక్కడి నుంచి వచ్చింది? ఎడిసన్ ప్రయోగశాలలో కదిలే బొమ్మల కోసం పాటుపడిన డిక్సన్ అనే యంత్రనిపుణుడు, ఈస్ట్‌మన్ వారి 70 మిల్లీమీటర్ల ఫిల్మును నిలువునా రెండుగా చీల్చాడు. ఒక్కొక్క బొమ్మకు రెండంచులా నాలుగేసి రంధ్రాలు పొడిచాడు. పళ్ళచక్రం ఆ రంధ్రాలలో దూరి ఫిల్మును లాగుతుంది. ఇది 1890ల మొదటి మాట. సినిమా కోసం పుట్టిన ఈ పట్టీయే తరువాత నిశ్చల చిత్రాల కెమేరా రూపును మార్చివేసింది. ఆ మార్పు జరిగింది జర్మనీలోని వెట్జ్‌లార్ అనే చిన్న పట్టణంలో, సూక్ష్మదర్శినులు తయారుచేసే లైట్జ్ కార్ఖానాలో.

ఆస్కార్ బార్నాక్ 1879లో పుట్టాడు. పెద్ద చదువులు చదవలేదు. పనిముట్ల తయారీ నేర్చిన మేస్త్రీ. జేనా పట్టణంలో జెయిస్ కంపెనీలో పనిచేస్తూ ఉండగా సెలవు దినాలలో కొండలలోకి కెమేరా పట్టుకొని పోయేవాడు. ఆ కెమేరాకు 13 సెంటీమీటర్ల వెడల్పు, 18 సెంటీమీటర్ల పొడవు గల గాజుపలకలు కావాలి. పెట్టె, పలకలు, ముక్కాలిపీట కలిసి మోయరాని బరువు. బార్నాక్‌కు ఉబ్బసం. చిన్న పలక మీద తీసి పెద్దదిగా ముద్రించుకొంటే పోదా అనే ఆలోచన అతనికి అప్పుడే పుట్టింది. ఒకే గాజుపలక మీద వరుసగా చిన్న చిన్న బొమ్మలు తీసి చూశాడు. పెద్దది చేసేసరికి పూతలోని గరుకు రేణువులు ఇసుక చల్లినట్లు బయటపడ్డవి. ఆ ప్రయత్నం అక్కడితో ఆగిపోయింది. ఆలోచన తప్పు కాదు, చేతిలోని సరుకు చాలలేదు.

1911లో బార్నాక్ లైట్జ్ కంపెనీలో ప్రయోగశాల మేస్త్రీగా చేరాడు. సినిమా మీద అతనికి ఆసక్తి. సినిమా కెమేరా ఒకటి తానే తయారుచేసుకొన్నాడు. సినిమా ఫిల్ము పూత గాజుపలకల పూత కంటె సన్ననిదని అతనికి తెలిసింది. ఆ పట్టీనే నిశ్చల చిత్రాలకు వాడితే? అయితే సినిమా బొమ్మ చాలా చిన్నది, 18 మిల్లీమీటర్లు ఇంటూ 24. అతడు రెండు సినిమా బొమ్మల చోటు ఒక బొమ్మకు ఇచ్చాడు. సినిమా కెమేరాలో పట్టీ నిలువునా దిగుతుంది. దీనిలో అడ్డంగా నడుస్తుంది. బొమ్మ ఎత్తు 24 మిల్లీమీటర్లు, పొడవు 36. నాలుగు రంధ్రాలకు బదులు ఎనిమిది రంధ్రాలు ఒక్కసారి జరుగుతవి. తరువాతి వంద సంవత్సరాలలో లోకంలో లెక్కలేనన్ని కెమేరాలు పాటించిన కొలత ఇదే. ఏ ప్రమాణాల సంఘమూ కూర్చొని దీనిని నిర్ణయించలేదు. చేతికి దొరికిన పట్టీని ఒక మేస్త్రీ తన అవసరానికి మలుచుకొన్నాడు.

ఆ నమూనా 1914 నాటికి సిద్ధమైంది. దీనినే ఇప్పుడు 'ఊర్ లైకా' అంటారు. ఆది లైకా అని అర్థం. రెండు కొసలూ గుండ్రంగా తిరిగిన లోహపు పెట్టె, జేబులో పడుతుంది. ఆ గుండ్రదనం అందం కోసం వచ్చినది కాదు. ఒక కొసన నిండు చుట్ట, రెండవ కొసన తీసిన ఫిల్మును చుట్టుకొనే కండె. వాటి చుట్టూ రేకు వంచితే వచ్చే ఆకారమే అది. కటకం సూక్ష్మదర్శినుల శాఖ నుంచి తెచ్చి బిగించినది. ఒక మీట తిప్పితే ఫిల్ము ఒక బొమ్మ మేర జరుగుతుంది, అదే తిప్పుడుతో షట్టరు స్ప్రింగు కూడా బిగుసుకొంటుంది. ఒక బొమ్మ మీద మరొక బొమ్మ పడే పొరపాటు దీనితో పోయింది. ఇంత చిన్న ఏర్పాటు కెమేరాలలో అంతకు ముందు ఎందుకు లేదని ఆశ్చర్యం వేస్తుంది.

నమూనాలో పెద్ద లోపం ఒకటి ఉన్నది. షట్టరు అంటే ఫిల్ము ముందు పరుగెత్తే గుడ్డ తెర. తెరలో ఒక చీలిక. చీలిక ఫిల్ము మీదుగా పోయినంతసేపూ వెలుతురు పడుతుంది. బొమ్మ తీసిన తరువాత తెరను మొదటి చోటికి లాగాలి గదా! అప్పుడు చీలిక మళ్ళీ ఫిల్ము మీదుగానే వెనుకకు వస్తుంది. ఆ సమయంలో కటకానికి మూత పెట్టకపోతే ఫిల్ము పాడవుతుంది. బార్నాక్ వెట్జ్‌లార్ బజారులోను, తరువాత 1920లో ఆ ఊరికి వచ్చిన వరదలోను తీసిన బొమ్మలు ఈ మూత తీసి పెడుతూ తీసినవే.

కంపెనీకి చెందిన ఎర్న్‌స్ట్ లైట్జ్ 1914లో అమెరికా వెళ్ళినప్పుడు ఇట్లాంటి కెమేరాను వెంట తీసుకొనిపోయాడు. తిరిగి వచ్చేసరికి యుద్ధం మొదలైంది. నమూనా పది సంవత్సరాలు అల్మారాలోనే ఉండిపోయింది. యుద్ధం అయిన తరువాత జర్మనీలో ద్రవ్యం విలువ కూలింది. పనివారికి పని చూపించటమే గండంగా ఉన్న కాలంలో, 1923లో, పరీక్ష కోసం సుమారు పాతిక కెమేరాలు తయారుచేసి ఛాయాగ్రాహకులకు ఇచ్చారు. వీటికి 'సున్నా వరుస' అని పేరు. మూత గొడవ వీటిలోను పోలేదు. పోతుందేమో అని మూతను దారంతో కట్టివేశారు! పరీక్షించిన వారి మాటలు కూడా అంత ఉత్సాహకరంగా లేవు. ఇంత చిన్న బొమ్మతో వృత్తి నడవదని కొందరు తేల్చిచెప్పారు. 1924లో కంపెనీలో జరిగిన సమావేశంలో వాదోపవాదాలన్నీ విని, తయారుచేసే తీరుదామని లైట్జ్ నిర్ణయించాడు.

1925 వసంతంలో లైప్‌జిగ్ సంతలో కనిపించిన అమ్మకపు లైకాకు మూత అక్కరలేదు. తెరను రెండు ముక్కలు చేశారు. వెనుకకు లాగేటప్పుడు ఒకటి మరొకదాని మీదికి ఎక్కి చీలిక మూసుకొంటుంది. మాక్స్ బెరెక్ అనే గణితజ్ఞుడు దానికి కొత్త కటకాన్ని లెక్కకట్టి ఇచ్చాడు. చుట్టకు 36 బొమ్మలు. బార్నాక్ రెండు చేతులూ చాచితే వచ్చినంత ఫిల్ము కత్తిరించేవాడు గనుక 36 అయినదని ఒక కథ చెబుతారు. కథ మాట ఎట్లా ఉన్నా పట్టీ పొడవు మీటరున్నర దాటుతుంది. సున్నా వరుసలో బార్నాక్ సొంతంగా వాడుకొన్న 105వ నెంబరు కెమేరా 2022లో వేలంలో ఒక కోటి 44 లక్షల యూరోలకు అమ్ముడుపోయింది. దారంతో కట్టిన మూతకు ఇంత వెల పలుకుతుందని ఆనాడు ఎవరూ అనుకొని ఉండరు.

లైకాను చూసి తామూ చేయగలమని ముందుకు వచ్చినవారిలో జపాను దేశస్థుడు యోషిదా గోరో ఒకడు. అతడు లైకాను ఊడదీసి చూశాడు. లోపల ఇత్తడి, అల్యూమినియం, ఇనుము, రబ్బరు తప్ప వజ్రాలు ఏమీ లేవు, మరి ఇంత ధర ఎందుకని అనుకొన్నాడట. 1933లో టోకియోలో చిన్న ప్రయోగశాల పెట్టి, మరుసటి సంవత్సరం 'క్వానన్' అనే కెమేరాను పత్రికలో ప్రకటించాడు. క్వానన్ అంటే అవలోకితేశ్వర బోధిసత్వుడికి జపానులో పిలిచే పేరు. సహస్రబాహువులతో ఉన్న ఆ మూర్తినే గుర్తుగా పెట్టుకొన్నాడు. కటకం పేరు 'కస్యప', బుద్ధుని శిష్యుడు మహాకాశ్యపుని మీద. అమరావతి, నాగార్జునకొండ ఉన్న తెలుగు దేశంలో చదువరులకు ఈ పేర్లు కొత్తవి కావు. ప్రకటనలోని కెమేరా చెక్కతో చేసిన బొమ్మ అని చెబుతారు. ఆ పేరుతో ఒక్కటి కూడా అమ్మలేదు. ఊడదీసి చూస్తే కనిపించేది ఇత్తడే, కాని దానిని ఎంత నిక్కచ్చిగా కోశారన్నది కంటికి కనిపించదు. అసలు కెమేరా 1936లో 'హన్సా కెనాన్' అనే పేరుతో వచ్చింది. కటకం మాత్రం తరువాత 'నికాన్' కెమేరాలు చేసిన కంపెనీ ఇచ్చింది.

ఇక సినిమా కెమేరా. లైకాలో ఫిల్మును మనిషి తీరిక చూసుకొని జరుపుతాడు. సినిమా కెమేరాలో సెకనుకు 24 సార్లు అది జరగాలి, 24 సార్లు నిశ్చలంగా నిలబడాలి. నిలిచిన ప్రతిసారీ బొమ్మ సరిగ్గా వెనుకటి చోటనే పడాలి. లేకపోతే తెర మీద రాజసౌధం గజగజ వణుకుతుంది. 'దానవీర శూర కర్ణ' నడిచేది దాదాపు నాలుగు గంటలు. ఆ లెక్కన సుమారు 3 లక్షల 40 వేల బొమ్మలు. పట్టీ సాగదీస్తే ఆరు కిలోమీటర్ల పైచిలుకు. నాచారం స్టూడియోలో ఒక కొస పట్టుకొంటే రెండవ కొస ఉప్పల్ కూడలిని దాటి పోతుంది. ఇది తెర మీదికి వచ్చిన పట్టీ మాత్రమే. కత్తిరించి పారవేసిన దానికి లెక్క వేరు.

ఈ నిలకడను సాధించిన వాటిలో పేరుపొందినది అమెరికాలో 1920 ప్రాంతంలో వచ్చిన మిచెల్ కెమేరా. కొక్కెం ఒకటి ఫిల్మును క్రిందికి లాగి వదలగానే, సన్నని ఉక్కు సూదులు అంచు రంధ్రాలలో దూరి పట్టీని అక్కడే బిగించి ఉంచుతవి. వెలుతురు పడటం పూర్తి కాగానే సూదులు తప్పుకొంటవి. మిచెల్‌లో ఉన్న చిక్కు మరొకటి. ఫిల్ము కటకం వెనుక ఉన్నప్పుడు ఛాయాగ్రాహకుడు అదే కటకం గుండా చూడలేడు. చూడాలంటే కెమేరా పెట్టెను ప్రక్కకు జరిపి చూసి, మళ్ళీ స్థానానికి తేవాలి. జర్మనీలో ఆర్నాల్డ్, రిక్టర్ అనే ఇద్దరు నడిపిన ఆరి కంపెనీలో ఎరిక్ కేస్ట్‌నర్ అనే ఇంజనీరు దీనికి ఉపాయం కనిపెట్టాడు. తిరిగే షట్టరు రేకునే అద్దం చేసి ఏటవాలుగా నిలిపాడు. ఫిల్ము కదిలేటప్పుడు వెలుతురును ఎట్లాగూ ఆపాలి. ఆ ఆపిన వెలుతురును అద్దం కంటికి పంపుతుంది. వృథాగా పోయే సగం వెలుతురుతో చూపు దొరికింది! 1937 లైప్‌జిగ్ సంతలో ఈ కెమేరాను ప్రదర్శించారు. భుజాన పెట్టుకొని తిరగగల ఆరిఫ్లెక్స్ తరువాతి కాలంలో లోకమంతటా స్టూడియోలకు చేరింది.

నాచారం నుంచి ఉప్పల్‌కు వచ్చే ముందు స్వీడన్ దేశపు మాట ఒకటి చెప్పాలి. విమానపు కెమేరాకు, చేతి కెమేరాకు నడుమ వంతెన అక్కడ పడింది. 1940 ప్రాంతంలో చేజిక్కిన జర్మన్ విమాన కెమేరాను చూపించి, ఇట్లాంటిది చేయగలవా అని స్వీడన్ వైమానిక దళం విక్టర్ హాసెల్‌బ్లాడ్‌ను అడిగింది. ఇట్లాంటిది కాదు, ఇంతకంటె మంచిది చేస్తానని అతడు అన్నాడట. యుద్ధం అయిన తరువాత 1948లో అదే అనుభవంతో పౌరుల కోసం 6 సెంటీమీటర్ల చదరపు బొమ్మ తీసే కెమేరాను తెచ్చాడు. దాని రూపును తీర్చినవాడు సిక్స్‌టెన్ సాసన్ అనే రూపశిల్పి. కటకం, ఫిల్ము డబ్బా దేనికది ఊడి వస్తవి. చూపులకు ముచ్చటైన ఈ కెమేరాలో సెకనులో 1600వ వంతు వేగంతో పరుగెత్తే పలుచని లోహపు తెర తరచు చెడిపోయేది. ఆ తెరను విడిచి, షట్టరును కటకంలోనే అమర్చిన నమూనా 1957లో వచ్చిన తరువాతనే దాని పేరు నిలిచింది. ప్రజల చేతికి పోయిన తరువాత కూడా అది తొమ్మిదేళ్ళు తొలి నమూనాగానే ఉన్నదన్న మాట.

విమానపు కెమేరాలో ఫిల్ము మీది బొమ్మ 23 సెంటీమీటర్ల చదరం. కటకం నాభి దూరం సాధారణంగా 15 సెంటీమీటర్లు. మూడు కిలోమీటర్ల ఎత్తున ఎగురుతూ తీస్తే నేల మీది 20 వేల సెంటీమీటర్లు ఫిల్ము మీద ఒక సెంటీమీటరు అవుతుంది. ఒక్కొక్క బొమ్మలో 4.6 కిలోమీటర్ల చదరం ఇముడుతుంది. నాచారం, ఉప్పల్ రెండూ దాదాపు ఒకే బొమ్మలో పడతవి. విమానం సాగుతూ ఉండగా ప్రతి బొమ్మా ముందరి దానితో నూటికి 60 పాళ్ళు కలిసి ఉండేటట్లు తీస్తారు. ఒకే చోటు రెండు బొమ్మలలో రెండు కోణాల నుంచి కనిపిస్తుంది. మనిషి రెండు కళ్ళతో దూరాన్ని గుర్తుపట్టినట్లు, ఆ రెంటి తేడా నుంచి నేల ఎత్తుపల్లాలు కొలవవచ్చు.

ఫిల్ము చదునుగా లేకపోతే సినిమాలో బొమ్మ కొంచెం మసకబారుతుంది, ప్రేక్షకుడు క్షమిస్తాడు. ఇక్కడ క్షమాపణ లేదు. బొమ్మ మధ్య నుంచి 10 సెంటీమీటర్ల దూరాన ఫిల్ము పదోవంతు మిల్లీమీటరు ఉబ్బిందనుకొందాము. కిరణాలు అక్కడ ఏటవాలుగా పడతవి కాబట్టి చుక్క తన చోటు నుంచి 0.07 మిల్లీమీటరు ప్రక్కకు జరుగుతుంది. 20 వేల రెట్లు చేస్తే నేల మీద 1.3 మీటర్లు. ఒక రైతు గట్టు మరొక రైతు పొలంలో పడుతుంది. ఎత్తు కొలతలో అదే పొరపాటు రెండు మీటర్లు దాటుతుంది. కిలోమీటరుకు పది ఇరవై సెంటీమీటర్ల వాలుతో కాలువలు పారే దేశంలో రెండు మీటర్ల తప్పుతో నీరు ఎటు పోతుందో కూడా పటం చెప్పలేదు.

అందువల్ల ఈ కెమేరాలను నిర్మించినవారు ఫిల్మును మర్యాదగా అడగలేదు, బలవంతంగా పట్టుకొన్నారు. ఫిల్ము వెనుక చదునైన లోహపు పలక. దాని నిండా సన్నని గాడులు, రంధ్రాలు. బొమ్మ తీసే క్షణానికి ముందు పంపు వాటి గుండా గాలిని పీల్చివేస్తుంది. ఫిల్ము పలకకు అతుక్కుపోతుంది. బొమ్మ తీయగానే గాలిని వదలి చుట్టను తిప్పుతారు. అంచులలో కెమేరా చట్రానికే చెక్కిన గుర్తులు ప్రతి బొమ్మ మీదా పడతవి. కటకం నాభి దూరాన్ని మిల్లీమీటరులో నూరోవంతు వరకు కొలిచి ధ్రువపత్రం ఇస్తారు.

మరొక చిక్కు విమానపు వేగం. గంటకు 200 కిలోమీటర్ల వేగంతో పోయే విమానం సెకనులో 250వ వంతులో 22 సెంటీమీటర్లు ముందుకు పోతుంది. మూడు కిలోమీటర్ల ఎత్తున దీనివల్ల ఫిల్ము మీద వచ్చే చెరుపు 0.011 మిల్లీమీటరు, కనిపించదు. కాని పట్టణాల పెద్ద పటాల కోసం 600 మీటర్ల ఎత్తుకు దిగితే అదే చెరుపు 0.055 మిల్లీమీటరు అవుతుంది, సన్నని వివరాలు పోతవి. జేనాలోని జెయిస్ వారు 1982లో తెచ్చిన కెమేరాలో దీనికి విరుగుడు ఉన్నది. షట్టరు తెరిచిన ఆ క్షణంలో, పీల్చే పలకతో సహా ఫిల్మును విమానపు వేగానికి సరిపడా జరుపుతారు. ఫిల్మును కదలకుండా నిలపటానికి తొంబై ఏళ్ళు పాటుపడి, చివరకు కొలిచి కదిలించటం నేర్చుకొన్నారు.

విమాన కెమేరాలకు పేరుపొందిన మరొక కంపెనీ స్విట్జర్లాండులోని వైల్డ్. దాని స్థాపకుడు హైన్‌రిక్ వైల్డ్ సర్వే పరికరాల నిపుణుడు. 1908లో జేనాలో జెయిస్ కంపెనీలో చేరాడు. బార్నాక్ అప్పటికింకా అక్కడనే ఉన్నాడు. ఒకడు చేతిలో ఇమిడే కెమేరా వైపుకు, మరొకడు దేశాన్ని కొలిచే యంత్రాల వైపుకు వెళ్ళారు. 1980ల చివర వైల్డ్, లైట్జ్ కంపెనీలు ఏకమైనవి. 1990 తరువాత వచ్చిన విమాన కెమేరాల మీద లైకా అనే పేరే ఉంటుంది.

2011 నాటికి ప్రపంచంలోని ముఖ్య కంపెనీలు కొత్త సినిమా ఫిల్ము కెమేరాల తయారీని ఆపివేసినవి. విమానాలలోను డిజిటల్ కెమేరాలు వచ్చినవి. పాత విమాన చిత్రాల చుట్టలకు మాత్రం పని తీరలేదు. ఒక చెరువు నలభై ఏళ్ళ క్రితం ఎంత మేర ఉండేదో తేల్చాలంటే ఆనాటి ఫిల్మునే తీయాలి. ఇన్నేళ్ళలో ఆ ఫిల్ము ముడుచుకొని ఉంటుంది, అదీ పొడవునా అడ్డంగా ఒకే పాళ్ళలో కాదు. స్కానరుతో కంప్యూటరుకు ఎక్కించిన తరువాత మొట్టమొదట చేసే పని, అంచుల మీది ఆ చట్రపు గుర్తులను వెతికి, వాటి నడుమ దూరాన్ని కెమేరా ధ్రువపత్రంలోని అంకెలతో సరిచూడటం. ఎంత ముడుచుకొన్నదో అప్పుడు తేలుతుంది, ఆ మేరకు బొమ్మను లెక్కలో సాగదీస్తారు. ధ్రువపత్రం పోయిన చుట్ట బొమ్మగా పనికివస్తుంది గాని, కొలతకు నమ్మకంగా పనికిరాదు.